ఒళ్లో పట్టే మిషన్

“అది వద్దు సామీ. మీ పాపకు పనికిరాదు.”

సీతాపతి తల తిప్పి చూశాడు. మూల స్టూలు మీద ఎవరో ముసలాయన. చొక్కా కాలరు చిరిగింది గానీ ఇస్త్రీ మాత్రం నలగలేదు.

పాత టైపు మిషన్లు బాగుచేసి అమ్మే వీరాసామి అంగడి అది. ఫ్రెంచివాళ్లు ఊరు వదిలి పాతికేళ్లవుతున్నా, వాళ్లనాటి సామాన్లు అమ్మిపెట్టమని జనం ఇంకా అక్కడికి తెస్తూనే ఉన్నారు.

సీతాపతికి ఇది మూడో సాయంత్రం, మూడో అంగడి. పగలంతా బట్టల కొట్లో నిలబడి చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడిచి పెట్టడం. ఆ కాళ్లతోనే ఊరంతా తిరుగుతున్నాడు. మొదటి అంగట్లో కొత్త మిషన్ ధర విని మంచినీళ్లు అడిగి తాగి వచ్చాడు. రెండో అంగట్లో మీట నొక్కితే లోపలికి పోయింది, మళ్లీ పైకి రాలేదు.

అంగట్లో అడుగు పెట్టగానే తన గోడు వీరాసామికి చెప్పుకున్నాడు. కూతురు సుందరి టైపు పరీక్ష పాసై ఏడాదయింది. మంచం పట్టిన తల్లిని వదిలి ఉద్యోగానికి పోలేదు. సొంత మిషన్ ఉంటే సోమవారం నుంచి కాగితాలు ఇంటికే పంపిస్తానని ఒక వకీలు అన్నాడు. రోజుకు నాలుగైదు పేజీలు, అంతే. సోమవారానికి మిషన్ లేకపోతే పని ఇంకొకరికి పోతుంది.

అతను కొనగలిగినవి అక్కడ రెండే ఉన్నాయి. ఒకటి నల్లది, రోలంత బరువు. రెండోది లేత నీలం రంగుది. చిన్న పెట్టె, పట్టుకోవడానికి పిడి, ఒళ్లో పెట్టుకుంటే సరిపోయేంత. తల్లి మంచం పక్కనే కూర్చుని కొట్టుకోవచ్చు. దాన్ని చూడగానే సీతాపతి కాళ్ల నొప్పులు సగం తగ్గాయి.

సరిగ్గా అప్పుడే ఈ ముసలాయన అడ్డం పడ్డాడు.

“ఎందుకు పనికిరాదు?” అన్నాడు సీతాపతి విసుగ్గా.

“పాప టైపు యాడ నేర్చుకునింది?”

“బజారులోని టైపు క్లాసులో. ఇంగ్లీషు టైపు.”

“ఇది ఫ్రెంచి మిషన్. అక్షరాలు తావులు మారి ఉంటాయి. ఆ నల్లది తీసుకోండి.”

సీతాపతి వంగి మీటలు చూశాడు. ఏ ఉంది. బీ ఉంది. జెడ్ దాకా ఒక్కొక్కటే వెతికి పట్టుకున్నాడు.

“ఇరవయ్యారూ ఉండాయే! ఫ్రెంచోళ్ల ఏ వేరే, మన ఏ వేరేనా?”

“ఏ ఒకటే సామీ, ఉండే చోటే వేరే. పాపను ఒకతూరి పిల్చుకోని రండి. కొట్టి చూడనీండి.”

సుందరి వస్తే తల్లిని ఎవరు చూసుకుంటారు? పైగా రేపటికి ఇది ఉంటుందా? సీతాపతి ముప్ఫై ఏళ్లుగా వ్యాపారం చూస్తున్నవాడు. అమ్ముడుపోని సరుకు అంటగట్టడానికి పక్కన ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టడం బట్టల కొట్లలోనూ ఉన్నదే.

“ఆ నల్లది పోతే నీకెంత వస్తాది పెద్దాయనా?”

ముసలాయన ముఖం చిన్నబోయింది. “నాకేం రాదు.”

“బ్రోకర్లందరూ చెప్పేది అదే.”

పనిలో ఉన్న వీరాసామి తలెత్తి ఏదో అనబోయాడు. ముసలాయన చేయెత్తి వద్దన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సీతాపతి డబ్బు కట్టేశాడు. ముసలాయన లేచి వచ్చి భుజం మీది తువ్వాలుతో నీలం మిషన్ తుడిచాడు, మూత వేశాడు.

“ఎడమ పక్క గొళ్లెం ముందు నొక్కాల. లేదంటే పట్టదు.”

సీతాపతి పెట్టె అందుకుని బయటికి నడిచాడు.

ఇంట్లో సుందరి మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని మురిసిపోయింది. మంచం మీద నుంచి తల్లి అంబుజం కూడా చెయ్యి చాచి ముట్టుకుంది. సుందరి కాగితం ఎక్కించి, మీటల వంక చూడకుండా, నేర్చుకున్నట్టే ఒక వరస టకటకా కొట్టింది. కాగితం చూసి ఆగిపోయింది.

“ఏందమ్మా?”

“ఏ కొడితే క్యూ పడతాంది నాయనా. డబ్ల్యూ కొడితే జెడ్.”

“చూసి కొట్టు. అన్నీ ఉండాయి, నేను చూసినా గదా.”

“చూసి కొడితే పేజీకి ఒక పూట పడతాది. వేళ్లు అలవాటున పోతాయి నాయనా, ఎట్ల మార్చేది?”

సోమవారానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. సీతాపతి గోడకు చేరగిలబడ్డాడు. లేవడానికి ఒంట్లో ఓపిక లేదు.

మరునాడు పొద్దున్నే, పనికి పోకముందే, పెట్టె మోసుకుని వీరాసామి అంగడికి వచ్చాడు. అనాల్సిన మాటలన్నీ దారి పొడుగునా కూడబలుక్కున్నాడు.

వీరాసామి పెట్టె చూడగానే నల్ల మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొత్త రిబ్బన్ కూడా వేసి ఉంది.

“దీన్ని తీసుకోని పోండి. సరికి సరి.”

సీతాపతి కూడబలుక్కున్నవన్నీ పక్కన పెట్టి నీలం పెట్టెను బల్ల మీదికి జరిపాడు.

“నీలందాన్ని అమ్మకానికి ఇచ్చినోళ్లు ఒప్పుకుంటారా?”

“ఆయనే చెప్పి పోయినాడు. ఎవరన్నా కొంటారా అని ఆరు నెల్లుగా కాసుకోని ఉండాడు. ఇంటామెకు కంటి ఆపరేషను, ఈ పొద్దు ఆసుపత్రిలో చేర్చాల్సింది. నిన్న డబ్బు ఇయ్యబోతే తాకలేదు. ‘రేపు తిరిగి వస్తాది, అట్లే పెట్టు. నల్లదానికి రిబ్బన్ మార్చు, ఆ పాపకు సోమవారం పని ఉండాది’ అన్నాడు.”

“మా పాప పని సంగతి ఆయనకెట్ల తెలుసు?”

వీరాసామి నీలం పెట్టెను మళ్లీ అరలో పెట్టాడు. మూల ఖాళీ స్టూలు వైపు చూశాడు.

“నిన్న మీరు బ్రోకరని అన్నారే, ఆ మిషన్ ఆయనదే సామీ.”