జానెడు నేల

“టేపు బిగించి పట్టుకోండి. ఇద్దరూ కదలకండి,” అంది సర్వేయరు.

వడ్రంగి అన్న ఒక కొస, బస్సు డ్రైవరు తమ్ముడు ఇంకో కొస పట్టుకున్నారు. రెండు పెరళ్ళ మధ్య తాత కట్టిన రాళ్ళగోడ సగందాకా తిన్నగా వచ్చి, అన్న షెడ్డు దగ్గర జానెడు తమ్ముడి వైపు జరిగి ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట “నేను జరపలేదు” అని ఒట్టేసిన అన్న, ఆనాటి నుంచి తమ్ముడికి మొహం చాటేశాడు. పౌరుషం అనుకున్నారంతా.

సోమవారం అన్నకు గుండె ఆపరేషను. ఒంటరి మనిషి. తమ్ముడు తోడు వస్తానంటే, “వాడొస్తే నేను ఆపరేషనే చేయించుకోను,” అని భీష్మించాడు. తమ్ముడు ఆ మర్నాడే సర్వే ఆఫీసుకు వెళ్ళి, గంటసేపు కూర్చుని, ఈ సర్వేయరును పిలుచుకొచ్చాడు.

“మానిన గాయాన్ని ఇప్పుడు రేపడమెందుకో!” వంటగది కిటికీలోంచి గొణిగింది అతని భార్య.

సర్వేయరు టేపు చుట్టేసి, రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టింది.

“భూమి పైపెంకు ఒకే ముక్క కాదండీ, పెద్ద పెద్ద పలకలు. రెండు గుద్దుకుంటే మడతలు పడి కొండలు లేస్తాయి. విడిపోతే మధ్యలో సముద్రం పుడుతుంది. కొన్నిచోట్ల ఇదిగో, ఇలా ఒరుసుకుంటూ పోతాయి.” ఒక చెయ్యి కాస్త ముందుకు జరిపింది. “గోళ్ళు పెరిగినంత నెమ్మదిగా.”

“ఇది మా తాత కట్టిన గోడండీ,” అన్నాడు అన్న.

“అయితే బోలెడంత టైము. నేల జరిగితే గోడ అచ్చం ఇలాగే అవుతుంది.”

సంకలోని మ్యాపు మాత్రం ఆమె విప్పలేదు.

“అంటే... ఎవరూ జరపలేదంటారా?”

ఆమె నోరు తెరిచేలోపే తమ్ముడు అందుకున్నాడు. “విన్నావా అన్నయ్యా! నేలతల్లి చేసిన పనికి ఇన్నేళ్ళూ నిన్ను అనుమానించాను. తప్పయిపోయింది.”

అన్న గోడ మీద కూలబడ్డాడు. “తప్పు నీదేంట్రా...” అంటూ ఆగిపోయాడు. వంగి చిటికెడు మట్టి తీసి కళ్ళకద్దుకున్నాడు. “తల్లీ, నా పరువు కాపాడావు.”

లేచి నిలబడి, “సోమవారం పొద్దున్నే రావాలి. నీ బస్సులా లేటుగా కాదు,” అన్నాడు. తమ్ముడు నవ్వబోయి ఏడ్చేశాడు.

షెడ్డులోనే అందరికీ టీలు. అన్న పనిబల్ల షెడ్డు గోడకూ ఆ రాళ్ళగోడకూ మధ్య కొలిచినట్టు పట్టింది. దాని మీదే గ్లాసులు పెట్టుకున్నారు.

గేటు దగ్గర తమ్ముడు సర్వేయరుకు చేతులు జోడించాడు. “మా అన్నను నాకు తిరిగిచ్చారు. మీ మేలు మరవను.”

ఆమె నవ్వి స్కూటరెక్కింది.

“పాపం, బావగారిని ఉత్తపుణ్యానికి అనుమానించారు,” అంది భార్య, గ్లాసులు కడుగుతూ.

“అవును,” అన్నాడు తమ్ముడు కిటికీలోంచి గోడను చూస్తూ.

పద్దెనిమిదేళ్ళ కిందట అన్న ఆ రాళ్ళు జరుపుతుంటే, అతను ఈ కిటికీలోంచే చూశాడు.