ఇద్దరికి సద్ది

కాకి ముట్టలేదు.

కుందూ ఏటి ఇసుకలో విస్తరి పరిచి, పిండాలు పెట్టి, చక్రపాణి అయ్యవారు అందరినీ వెనక్కి జరగమన్నారు. జరిగారు. సద్దు చేయొద్దన్నారు. చంటిపిల్లల నోళ్లు కూడా మూశారు. గట్టు మీద తుమ్మచెట్టు నిండా కాకులే. మామూలు రోజుల్లో అయితే చేతిలో ముద్ద లాక్కుపోయే రకం. ఈరోజు ఒక్కటీ దిగడం లేదు.

ఎక్కడిదో ఒక పెద్ద పిట్ట మాత్రం వచ్చి విస్తరి పక్కనే నీళ్లలో నిలబడింది. నల్లటి ఒళ్లు, తెల్లటి పొట్ట, మూరెడు ఎర్ర ముక్కు, ఎర్రటి కాళ్లు. ఏట్లో కలిపిన అన్నానికి చేపలు చేరితే తీరిగ్గా ఏరుకుంటోంది. ఇట్లాంటిదాన్ని ఈ ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. ఎవరో ఫోన్ పైకెత్తబోతే పెద్దలు కసురుకున్నారు. చావు కార్యంలో ఫోటోలేమిటి?

"మీ నాయన ఏదో కోరిక మనసులో పెట్టుకొని పోయినాడప్పా. మాట ఇయ్యి," అన్నారు అయ్యవారు.

సురేష్ కొత్త గుండు ఎండకు మాడుతోంది. పాపం, మాటలివ్వడం మొదలుపెట్టాడు. కాలవ కింది మడి అమ్మనన్నాడు. అమ్మను తనతో నంద్యాలకు పిలుచుకుపోతానన్నాడు. ఆళ్లగడ్డలో ఉన్న చెల్లెలికి ఏ లోటూ రానివ్వనన్నాడు. ఆఖరికి సిగరెట్లు మానేస్తానని కూడా అందరి ముందూ అనేశాడు. కాకులు బుద్ధిగా విన్నాయి గానీ కదల్లేదు.

భారతమ్మ చూస్తూ కూర్చుంది. మొగుడు నారాయణ పోయిన రోజు నుంచీ ఆమెకు ఏడుపు రాలేదు, ఆకలి లేదు, కోపం కూడా లేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టుంది. ఎటు కూర్చోమంటే అటు కూర్చుంటోంది, లెమ్మంటే లేస్తోంది.

ఆడబిడ్డ కమలాక్షమ్మ ఆమె చెవి దగ్గరికి వంగింది. తన తమ్ముడి కోరికేమిటో ఊరందరికీ తెలుసునట. కట్టుకున్నదానికి తెలియదా అని దెప్పింది.

తెలియకేం? ఏటా మాఘం వెళ్లి ఎండలు ముదిరేదాకా, నారాయణ చీకటితోనే బండి తీసి ఈ ఏటి గట్టుకే వచ్చేవాడు. జొన్నరొట్టెలు, నంజుకోను ఊరిబిండి పచ్చడి ఇద్దరికి సరిపడా సద్ది కట్టమనేవాడు. ఆ రెండో మనిషి ఎవరో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. ఏరు దాటితే కడప జిల్లా. అక్కడ ఎవతో ఉందన్న మాట చాగలమర్రి దాకా పాకింది. భారతమ్మకు కడుపు రగిలిపోయేది. అయినా ఏనాడూ రొట్టె మాడనివ్వలేదు.

ఇప్పుడు పోయిన మొగుడు ఆకలితో ఈ గట్టు మీదే తిరుగుతున్నాడంటే, ఆమె ఒక్కటే చేయగలదు. లేచి విస్తరి వైపు నాలుగడుగులు వేసింది.

"ఏమప్పా, వింటాండావా? ఆమె ఎవరన్నా కానీ. నీ కోసరం ఈడికొస్తే నేను ఒక్క మాట గూడా అనను. తరమను. కూచోబెట్టి నా చేత్తోనే అన్నం పెడతా. నువ్వు తిను."

కమలాక్షమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సురేష్ తల దించుకున్నాడు. ఒక కాకి కింది కొమ్మకు దిగింది. అంతలో నీళ్లలోని పిట్ట విస్తరి వైపు రెండడుగులు వేసింది. ఆ ముక్కు చూసి కాకి మళ్లీ పైకెగిరింది.

ఇదా అడ్డం? భారతమ్మ వంగి, మట్టిగడ్డ తీసుకుని విసిరింది. గడ్డ పిట్ట కాళ్ల దగ్గర పడి నీళ్లు చిందాయి. పిట్ట రెక్కలు విప్పింది. వాళ్ల నెత్తి మీదుగా ఒకసారి తిరిగి, ఉత్తరంగా వెళ్లిపోయింది.

ఆ మరుక్షణమే కాకులన్నీ విస్తరి మీద పడ్డాయి. అయ్యవారు నమస్కారం పెట్టారు. "నేను చెప్పలేదా, ఆమె కోసరమే," అంది కమలాక్షమ్మ. జనం ఊపిరి పీల్చుకున్నారు. భారతమ్మకు మాత్రం సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు. చేతి మట్టి దులుపుకుంది.

అప్పుడొచ్చాడు సుందరరాజు, అవతలి గట్టు నుంచి మోకాళ్ల లోతు నీళ్లలో ఏరు దాటుకుంటూ. పెద్దాయన. కళ్లు తుడుచుకుంటూనే మాటిమాటికీ ఆకాశం వైపు చూస్తున్నాడు. నారాయణ స్నేహితుణ్ణని, పోయినట్టు నిన్ననే తెలిసిందని చెప్పుకున్నాడు.

"నీ చేతి ఊరిబిండి ఇన్నేండ్లూ తినింది నేనేనమ్మా," అన్నాడు.

భారతమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. రెండో సద్ది ఈయనదా?

"మరి ఆమె యాడుంటాదన్నా?"

"ఎవరమ్మా?"

"ఇన్నేండ్లు ఈడ కూచోని ఆయన ఎదురుచూసింది ఎవరి కోసరం? పిలుచుకొని రా. తరమనని మాటిచ్చినా."

సుందరరాజు ఉత్తరం వైపు చెయ్యెత్తి చూపించాడు.

"ఆ నల్లపిట్ట కోసరమమ్మా. ఎండలకు ముందర ఈ ఏటి మీదుగానే ఉత్తరానికి తిరిగిపోతాదని యాడో విన్యాడు. పిట్టల కోసరం కూచుంటాండానంటే నవ్వుతారని నీకు గూడా చెప్పలే. మేమిద్దరం కాసుకున్నన్ని ఏండ్లూ ఒక్కసారి గూడా దిగలే. ఈ పొద్దు మీరంతా సద్దు లేకుండా దూరం జరిగితే దిగింది. ఆ గట్టు మీద నుంచి చూస్తానే ఉంటి. నువ్వే గడ్డ ఇసిరి తరిమితివి."