పండని నోరు

కాలేయం కోసి ఇవ్వడం ఇప్పుడు తలనీలాలు ఇచ్చినంత మామూలైపోయింది. కోశాక ఆసుపత్రి వాళ్ళు నడుముకు పట్టీ కడతారు. కణాల్లో మామూలుగా లేచే కాల్షియం అలలను అది ఉధృతం చేస్తుంది. ఆ అల లేనిదే, పెరగమని వచ్చిన కబురును కణం చెవిన పెట్టదని చదివాను. కాలేయం పెరగగానే మళ్ళీ కోతకు తీసుకుపోవడానికి ఆసుపత్రి బండి వస్తుంది. మా చెల్లెలు రత్నమాల రెండుసార్లు ఆ బండెక్కింది. తిరిగొస్తుందో రాదోనని రెండుసార్లూ నా ప్రాణం నిలవలేదు.

ఆ పట్టీ అంటేనే నాకు భయం. సున్నమూ కాల్షియమేగా, అదీ కాలేయాన్ని త్వరగా పెంచుతుందేమోనని, చెల్లెలికి చుట్టే తాంబూలంలో సున్నం రాయడం మానేశాను.

రత్నమాల అద్దంలో నాలుక చూసుకుంది.

“అక్కా, నోరు పండలేదేం? సున్నం ఎగ్గొట్టావా?”

“ఆకు ముదురుది.”

“నీ మొహం! ఇన్ని పుస్తకాలు చదివావు, ఆకుకు రాసే సున్నంతో కాలేయం పెరుగుతుందా?”

పైట తొలగించి చూపించింది. నడుముకు పట్టీ లేదు.

“బియ్యం డబ్బాలో పడేశాను. వాళ్ళు పెంచితే వాళ్ళే పట్టుకుపోతారు. మెల్లిగా దానంతటది పెరుగుతుందిలే. ఇక నేను బండెక్కను. సున్నం రాయి.”

అయినా నమ్మకం చాలక డబ్బా మూత తీసి చూశాను. పట్టీ అందులోనే ఉంది.

ఆ పూట సున్నం ఎక్కువై ఇద్దరికీ నోరు పొక్కింది.