అల్లంసోడా సీసాలు

మెర్లీన్ పాత అల్లంసోడా ప్లాస్టిక్ సీసాను వేళ్లతో నొక్కి చూసింది. గ్యాసు నిండి రాయిలా ఉంది. ఇంట్లో పులియబెట్టిన బీరు తయారైనట్టే. కాల్‌గూర్లీ నుంచి లారీ తోలుకొచ్చిన తమ్ముడు డార్సీ గటగటా తాగేశాడు.

"అదిరిందక్కా! ఇన్ని సీసాలెక్కడివి?"

"హైవే మలుపులో ఏరుకొస్తా. ఎవడో లారీవాడు, దిగడానికి ఒళ్లు బరువై, సీసాలో ఉచ్చపోసి విసిరేస్తాడు. ఎండకి ఉబ్బిపోయి, మూత తిప్పితే మొహాన చిమ్ముతుంది. థూ!"

డార్సీ చేతిలోని సీసా కింద పెట్టేశాడు. "వాటిల్లోనా పోస్తున్నావ్?"

"సోడాపొడేసి తోమాన్లే. ఆ దరిద్రుడికి అల్లంసోడా తప్ప ఇంకోటి దిగదనుకుంటా. కనిపిస్తే నాలుగు తగిలించు."

డార్సీ కిటికీలోంచి తన లారీ వైపు చూశాడు. మలుపు దగ్గర విసరడం మరిచిన అల్లంసోడా సీసా సీటు కింద ఇంకా గోరువెచ్చగానే ఉంది.