‘బొంగరం ఎమ్మెల్యే’లో గుణదోషాలు

“చదివినవా సారూ?” అన్నాడు ఎమ్మెల్యే అమరేందర్, పుస్తకాన్ని టీపాయ్ మీదికి విసిరి.

చదవకపోవడమేమిటి, నకిరేకల్‌లో అక్షరం వచ్చిన ప్రతివాడూ చదివాడు. రానివాళ్లు చదివించుకుని విన్నారు. ‘బొంగరం ఎమ్మెల్యే’ అనే ఆ నలభై పేజీల పుస్తకం మీద రాసినవాడి పేరు లేదు, అచ్చేసిన ప్రెస్సు పేరూ లేదు. లోపల ఉన్నదల్లా అమరేందర్ మీద ఎగతాళి. హైస్కూలు తెలుగు పండితుడు గులాం నబీ కూడా తలుపు వేసుకుని మరీ చదివి, కడుపు పట్టుకుని నవ్వాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

పొద్దున టైలర్ బషీర్ చెవిలో చెప్పాడు: “నువ్వే రాసినవని ఊరంత అనుకుంటాంది నబీ భాయ్. గిన్ని అలంకారాలు ఇంకెవరికొస్తయ్?” సర్కారు నౌకరీలో ఉండి ఎమ్మెల్యేను వెక్కిరిస్తే ముందు అడవి పక్క అమ్రాబాద్‌కు బదిలీ, ఆపైన సస్పెన్షన్. పింఛనుకు ఇంకా రెండేళ్లుంది. సాయంత్రం బడి ముందు ఎమ్మెల్యే జీపు ఆగి, నబీని ఎక్కించుకుని నేరుగా ఆయన ఇంటికి తెచ్చింది.

“చదివిన సార్. కానీ నేను రాయలే. ఖుదా కసం!”

“నువ్వు రాసినవని నేనన్ననా? పండితుడివి గద, రాసినోడు ఎసువంటోడో పుస్తకం చూసి చెప్పు. మంచైనా చెడ్డైనా దాచకు.”

తాను కాదని రుజువు చేసుకోవడానికి ఇంతకు మించిన అదను దొరకదు. నబీ కళ్లజోడు తుడుచుకుని, పదో తరగతికి పాఠం చెప్పినట్టు మొదలుపెట్టాడు.

“పోలికలు చూడుండ్రి సార్. ‘మా ఎమ్మెల్యే పెంట బండి, దగ్గరికొస్తే వాసన, చేన్ల పడితే పంట.’ ‘మా ఎమ్మెల్యే గానుగెద్దు, దినమంత తిరిగినా ఇంటికి సుక్క నూనె తేడు.’ అన్నీ ఎవుసం ముచ్చట్లే. రాసినోడు కాపుదనపు ఇంట్ల పుట్టిండు. మాది నారాయణపేటల రంగులద్దే ఇల్లు. నేను రాస్తే నూలు, రంగు అని రాస్తుంటి.”

“ఊఁ. ఇంకా?”

“ఇగ బొంగరం. ఊర్లు తిరిగినంత సేపే నిలబడతడు, కూసుంటే పడిపోతడని. మొదటిసారి మస్తుగుంది. కానీ ఏడుసార్లు వాడిండు సార్! చప్పబడ్డది.”

అమరేందర్ మొహం ఎర్రబడింది. “ఏడుసార్లా? లెక్క పెట్టినవా?”

“పెట్టిన సార్. ఎనిమిదేమో గూడ.”

ఎమ్మెల్యేను ఎన్నిసార్లు వెక్కిరించారో ఆయన ఎదుటే లెక్కగట్టి చెప్పినందుకు నబీ తనను తానే తిట్టుకున్నాడు.

“పుస్తకంల చెప్పే గొంతు సంగతి చెప్పు,” అన్నాడు అమరేందర్ కటువుగా.

“ఒక అవ్వతోని చెప్పించిండు. బాగనే ఉన్నది. నడిమిట్ల గా అవ్వ ‘జీరో అవర్’ అంటది. పిడకలు కొట్టే అవ్వకు అసెంబ్లీ ముచ్చట ఎట్ల తెలుస్తది సార్? అక్కడ అవ్వ పోయింది, రాసినోడు మాట్లాడుతాండు. మీ దగ్గరి మనిషే అయ్యుంటడు.”

చాయ్ తెచ్చిన ఎమ్మెల్యే భార్య సావిత్రమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వెళ్లిపోయింది. భుజాలు కదలడం నబీ చూశాడు. ఆమె నవ్వుతోంది. రాసింది ఈమేనేమోనని నబీకి తట్టింది. నా ప్రాణం కాపాడుకోబోయి ఆ ఇల్లాలి కాపురంలో నిప్పులు పోశానా అనుకున్నాడు.

“ఎవరో గుర్తుపట్టినవా?” అమరేందర్ ముందుకు వంగాడు.

“లేదు సార్, పేరు చెప్పుడు నాతోని కాదు.” నబీ లోపలి గది వైపు చూడకుండా తల తిప్పుకున్నాడు. “ఒక్క మాట. గిది నిందాస్తుతి. పైకి తిట్టు, లోపల మెప్పు. ‘లంచమిస్తే తీసుకోని పిచ్చోడు’ అంటే గది తిట్టెట్లయితది? రాసినోళ్లకు మీ మీద పాణం. అందుకే తిట్లల్ల కారం లేదు. సిసలైన తిట్లు నాలుగుంటేనే జనం మెప్పును నమ్ముతరు. నన్ను బదిలీ చేస్తే చెయ్యుండ్రి సార్, గా మనిషినైతే ఏమనకుండ్రి.”

అన్నాక గాని తానేమన్నాడో అతనికి తెలియలేదు. అమ్రాబాద్ అడవులు కళ్ల ముందు తిరిగాయి. అయినా మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

అమరేందర్ జేబులోంచి పెన్ను తీశాడు. పుస్తకం వెనక అట్ట మీద ఏదో రాసుకున్నాడు. బదిలీ సంగతే రాస్తున్నాడనుకున్నాడు నబీ.

“రెండో భాగంల జర కారం పెంచి రాస్త సారూ,” అన్నాడు అమరేందర్.