దొర భుజం

పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా కోరుట్ల వచ్చి, విలేకరి చంద్రమౌళి ఇంటి ముందు నిలబడ్డాడు సాయిలు. చాయ్ ఇస్తే ముట్టలేదు. తమ వాడ పీనుగులను ఊరి బజారులోంచి పోనివ్వరు. దొర శ్యాంసుందర్ రావు గడీ ముందుకు రాకుండా వాగు దిక్కు తిప్పి తీసుకుపొమ్మంటారు. ఈ సంగతి పేపర్లో రాయమన్నాడు.

"తాతల కాలం నుంచి ఉన్నదే గదా సాయిలు. వార్త ఎట్లయితది?"

"మోకాటిలోతు నీళ్లల్ల మా అవ్వను మోసినం సార్."

"ఎప్పుడు?"

"చానేండ్లయింది."

"గదే మరి. పాతవడ్డది."

సాయిలు కదల్లేదు. మరి ఏది వార్త అని అడిగాడు. చంద్రమౌళి ఎదురుగోడ మీది జై తెలంగాణ రాతలు చూపించాడు. ఇప్పుడు నడిచేది ఇదొక్కటేనన్నాడు. వంటావార్పు, రాస్తారోకో, దిష్టిబొమ్మకు శవయాత్ర. అవి కూడా రోజూ వచ్చి వచ్చి చప్పబడ్డాయట.

"మా పాడెకు దొర భుజం పెడితే?"

చంద్రమౌళి పెన్ను మూత తీశాడు. "మీ వాడోళ్ల పాడెకు దొర భుజమా? జిల్లా పేజీల నడిమిట్ల ఫొటో పడ్తది."

"అయితే ఇయ్యాల్నే రా సార్. రేపటిదాకా ఆగదు."

మధ్యాహ్నం డప్పులతో శవయాత్ర కదిలింది. పాడె మీద నిండా తెల్లగుడ్డ కప్పి, పైన 'కేంద్ర ప్రభుత్వం' అని అట్ట కట్టారు. సాయిలు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. బజారు మొదట్లో ఇద్దరు అడ్డమొచ్చారు గానీ, జై తెలంగాణ అనేసరికి తప్పుకున్నారు. ఆ రోజుల్లో ఆ మాటకు అడ్డం నిలిచే మొగోడెవడు?

గడీ ముందు కెమెరా కనబడగానే, ఊరి జేఏసీ పెద్ద శ్యాంసుందర్ రావు తానే మెట్లు దిగి వచ్చి భుజం పెట్టాడు.

"ఏం కూరిండ్రురా? గింత బరువున్నది."

"గడ్డి తడిసింది దొర," అన్నాడు సాయిలు. "జర గట్టిగ పట్టుకో."

సాయిలు భార్య సాయమ్మ రోడ్డు మీద పొర్లి ఏడ్చింది. కడితే ఇట్ల కట్టాలె వేషమని చంద్రమౌళి మెచ్చుకున్నాడు. చౌరస్తాలో కాల్చమంటే మాత్రం వాళ్లు వినలేదు. తమ బొందలగడ్డకే మోసుకుపోయారు.

తెల్లారి జిల్లా పేజీ నడుమ ఫొటో పడింది. గడీకి వచ్చినవాళ్లందరికీ దొర చూపించుకున్నాడు.

మూడోనాడు సాయిలు అదే పేపరును బొందలగడ్డకు తీసుకుపోయి, తండ్రిని పూడ్చిన పచ్చిమట్టి మీద పరిచి, కాకులకు అన్నం దాంట్లోనే పెట్టాడు.