కాగితం మీద పెట్టని చరణం

బెర్లిన్‌లో ఆ నేలమాళిగ క్యాబరేను మూయించి తీరాలని, 1934లో ఒక మధ్యాహ్నం బైబిలు పట్టుకుని మెట్లు దిగాను. అక్కడ పాటలు కట్టి పాడే హెడ్విగ్ ఒక్కతే సాధన చేసుకుంటోంది.

"రండి బోధకుడు గారూ! శాపాలన్నీ వీధిలోనే అయిపోయాయా, నాకేమైనా మిగిల్చారా?"

"దేవుడు నిప్పు కురిపించి కాల్చిన సొదొమకు పట్టిన గతే నీకూ పడుతుంది!"

"పడితే పడనివ్వండి. ముందు ఈ చరణం వినండి. దీన్ని కాగితం మీద పెట్టను. పెడితే పోలీసులకు సాక్ష్యం దొరికినట్టే."

పాడింది:

"మూడో అంతస్తు పొరుగాయన్ని ఎవరో తీసుకెళ్లారట,
ఆయన పాలసీసా గుమ్మంలో పులిసిపోతోంది,
మనమంతా మంచివాళ్లం, తలుపులేసుకున్నాం."

నీ తమ్ముడెక్కడ అని, తమ్ముణ్ణి చంపిన కయీనును దేవుడు అడిగిన ప్రశ్నే కదా ఇది! పొరుగువాళ్లు ఒక్కొక్కరే మాయమవుతున్నా, ఏడాదిగా నా నోట ఆ మాట రాలేదు. కదిలించిన మాటను బైబిలు అంచున రాసుకోవడం నా అలవాటు. బయటికి రాగానే ఆ చరణాన్ని ఆదికాండం నాలుగో అధ్యాయం పక్కన రాసేసుకున్నాను.

ఆదివారం ప్రసంగంలో గొంతు చించుకుని ఆ చరణమే ప్రకటించాను. జనం ఏడ్చారు.

సోమవారం పోలీసులు పిలిపించారు. అధికారి నా బైబిలు తెరిచి, ఆ పంక్తుల మీద వేలు పెట్టాడు.

"ఏమయ్యా, ఇది ఏ ప్రవక్త చెప్పాడు? నువ్వేనా?"

నాదే అంటే ఆమె బతికిపోయేది.

"నేను కాదయ్యా," అన్నాను. ఆమె పేరు చెప్పాను. ఆ మెట్లు ఏ వీధిలో ఉన్నాయో కూడా చెప్పాను.

ప్రభువును ఎరుగనన్న పేతురును ఇరవై ఏళ్లు పిరికివాడని తిట్టాను. పేతురు మూడుసార్లు బొంకాడు గానీ, ఎవరినీ పట్టివ్వలేదు.